పెర్పెతువా తన చేత్తో రాసుకున్నది

పెద్దలకు, గురువులకు, మఠకన్యలకు, వెనకాల నిలబడి ఉన్న కుర్రాళ్లకు, అందరికీ వందనాలు.

పునీతుల జీవితాల మీద మాట్లాడమన్నారు. పునీతులు వేలమంది. ఇచ్చిన గంటలో అందర్నీ పలకరించబోతే పేర్లు చదవడమే అవుతుంది. అందుకని ఒక్కరిని పట్టుకుని వచ్చాను. పెర్పెతువా. పేరు మీరు విన్నదే. దివ్యపూజలో గురువు ఆ పొడుగు ప్రార్థన ఎంచుకున్న రోజున ఫెలిసిటస్, పెర్పెతువా, అగాత, లూసీ, ఆగ్నెస్, సిసీలియా, అనస్తాసియా అని వరసగా వస్తాయి. తొందరుంటే ఆ పేర్లు వదిలేసి ముందుకెళ్లడానికి అనుమతి కూడా ఉంది. (నవ్వులు) అందుకే చాలామందికి పేరు చెవిన పడింది గాని మనిషి ఎవరో తెలియదు. పండుగ మార్చి 7. దాదాపు ప్రతి ఏడూ ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలంలో పడుతుంది కాబట్టి ఆ రోజు పెద్ద హడావిడీ ఉండదు.

మనం చదివే పునీతుల చరిత్రలు ఎవరు రాశారో ఎప్పుడైనా చూశారా? ఎడారి తపసి అంతోని గురించి రాసింది అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్. ఫ్రాన్స్‌లోని టూర్ నగరపు మార్టిన్ గురించి రాసింది ఆయన అభిమాని సుల్పీషియస్ సెవెరస్. అస్సీసీ ఫ్రాన్సిస్ మొదటి జీవితచరిత్ర చెలానో తోమాసు రాసిచ్చాడు. రాసినవాళ్లు మంచివాళ్లే, భక్తులే. కానీ ప్రతి ఒక్కరికీ ఒక పని ఉంది. అథనాసియస్ జీవితమంతా ఆరియన్లతో, అంటే క్రీస్తు తండ్రితో సమానుడు కాడన్నవాళ్లతో, పోరాడాడు. ఆయన రాసిన అంతోని కూడా కొండ దిగి వచ్చి ఆరియన్లను ఖండిస్తాడు. అబద్ధమని నేననడం లేదు. ఎవరి అవసరం ఎక్కడ కలిసిందో గమనించమంటున్నాను.

పెర్పెతువా దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఆవిడ జైల్లో కూర్చుని తన సంగతి తానే రాసుకుంది. లాటిన్‌లో. ఆ కాగితాలను చేతికి తీసుకున్న ఒకాయన, పేరు చెప్పుకోని ఆయన, ముందు ఒక పీఠిక, వెనక ఆవిడ మరణం సంగతి చేర్చాడు. చేరుస్తూ, 'ఇది ఆమె తన చేత్తో, తనకు తోచినట్టు రాసి ఉంచినది' అని స్పష్టంగా చెప్పాడు. ఆయన ఆ కాలపు క్రైస్తవ రచయిత తెర్తుల్లియనే అని కొందరంటారు, కాదని కొందరు వాదిస్తారు, ఆ గొడవ మనకొద్దు. ఒక క్రైస్తవ స్త్రీ రాసినవిగా మనకు దక్కిన రచనల్లో అన్నిటికన్నా పాతవాటిలో ఇది ఒకటి. నా ఉద్దేశంలో ఆ కొద్ది పేజీల బలం, తరవాత వెయ్యేళ్లపాటు వచ్చిన వేదసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల, కథలన్నీ కలిపినా రాదు.

ఊరు కార్తేజ్. ఇవాళ్టి ట్యునీషియాలో, ట్యునిస్ నగరం పక్కనే. సంవత్సరం 203. రోమును ఏలుతున్నది సెప్టిమియస్ సెవెరస్, ఆయనా ఆఫ్రికావాడే, లిబియా తీరంలో లెప్టిస్ మాగ్నాలో పుట్టాడు. జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్న కొందరు యువతీయువకుల్ని పట్టుకున్నారు. రెవొకాతస్, అతనితో పాటు బానిసగా ఉన్న ఫెలిసిటస్, సతూర్నినస్, సెకుందులస్, వీళ్లతో విబియా పెర్పెతువా. మంచి కుటుంబం, మంచి చదువు, పెళ్లయింది, వయసు ఇరవై రెండు ఆ ప్రాంతం. చంకలో పాలు తాగే కొడుకు. వీళ్లకు ఉపదేశం చెప్పిన సతూరస్ పట్టుకున్న రోజున అక్కడ లేడు. తరవాత తనంతట తానే వెళ్లి లొంగిపోయాడు.

(సభలోంచి ఒకరు: 'మరి భర్త?')

అడుగుతారని తెలుసు. భర్త లేడండీ. మంచికీ చెడుకీ ఒక్క మాట లేదు. పండితులు దీని మీద చాలా సిరా ఖర్చు పెట్టారు. వదిలేశాడనీ, చనిపోయాడనీ, అసలు సతూరసే భర్త అనీ. నాకా వెతుకులాట మీద ఆసక్తి లేదు. ఎందుకంటే ఆవిడ రాతలో భర్త ఉండాల్సిన చోటంతా నిండిపోయి ఇంకొకాయన ఉన్నాడు, తండ్రి. ఈ కథలో ఆయన్ని సరిగా చూడకపోతే పెర్పెతువా కూడా కనబడదు.

ఇంట్లో క్రైస్తవం వైపు రాని పెద్దమనిషి ఆయన. మొదటిసారి వచ్చి మనసు మార్చుకోమన్నాడు. ఆవిడ పక్కనున్న చెంబు చూపించి, 'నాన్నా, దీన్ని చెంబు అనక ఇంకేమైనా అనగలమా?' అంది. 'అనలేం' అన్నాడు. 'నేనూ అంతే. క్రైస్తవురాలిని. ఇంకో పేరు చెప్పుకోలేను' అంది. బడిపిల్లకు తర్కం నేర్పించిన తండ్రికి ఆ తర్కమే ఎదురొచ్చింది. కళ్లు పీకేస్తాడేమో అన్నట్టు మీద పడ్డాడట. తరవాత కొన్నాళ్లు రాలేదు. ఆవిడ ఏం రాసిందో వినండి: నాన్న రాని ఆ రోజులకు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను, ఆయన లేకపోవడం వల్ల నాకు ఊపిరి తిరిగింది. ఏ పునీతురాలి జీవితంలో చదివాం ఇలాంటి వాక్యం? భక్తుడెవరైనా రాసి ఉంటే ఆవిడ తండ్రి కోసం కన్నీళ్లతో ప్రార్థించిందని రాసేవాడు. ఆవిడ, హమ్మయ్య, ఆయన రాలేదు అని రాసింది. ఆ రోజుల్లోనే జ్ఞానస్నానం పొందింది.

రెండోసారి విచారణ జరగబోతోందని తెలిసి వచ్చాడు. ఈసారి కోపం లేదు. 'నా నెరిసిన తల చూడు. నీ అన్నదమ్ములందరికన్నా నిన్నే ఎక్కువగా చూసుకున్నాను. మీ అమ్మని చూడు, నువ్వు లేకపోతే బతకని ఆ పసివాణ్ణి చూడు. నీకేమన్నా అయితే ఊళ్లో మేమెవ్వరం నోరెత్తి మాట్లాడలేం.' చేతులు ముద్దుపెట్టుకుని కాళ్ల మీద పడ్డాడు. కూతురా అనడం మానేసి, యజమానురాలిని పిలిచినట్టు దొరసానీ అన్నాడు. రోమన్ కుటుంబంలో తండ్రికి ఉన్న అధికారం తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద పతనమో అర్థమవుతుంది. ఆవిడ కరిగిపోయింది గాని మారలేదు. నా బంధువులందరిలో నా మరణానికి సంతోషించనివాడు ఈయనొక్కడే కదా అని నొచ్చుకుంది. ఆ బాధ దాచలేదు.

జైలు సంగతి. ఆవిడ మొదట రాసిన మాట, భయపడ్డాను అని. అలాంటి చీకటి ఎన్నడూ ఎరగను, జనం కిక్కిరిసి ఒకటే ఉక్క, సైనికులు డబ్బుల కోసం పీడించడం, అన్నిటికీ మించి బిడ్డ ఏమయ్యాడోనన్న దిగులు. తెర్తియస్, పొంపోనియస్ అనే ఇద్దరు ఉపగురువులు లంచమిచ్చి, కొన్ని గంటలు వీళ్లను జైల్లోనే కాస్త గాలి వచ్చే చోట ఉండనిచ్చేలా చేశారు. అవునండీ, లంచమే. ఆవిడే రాసింది, ఏ సంకోచమూ లేకుండా. అక్కడ ఆకలికి సొమ్మసిల్లిన బిడ్డకు పాలిచ్చింది. కొన్నాళ్లకు బిడ్డను తన దగ్గరే ఉంచుకునే అనుమతి దొరికింది. 'జైలు ఒక్కసారిగా నాకు రాజభవనమైపోయింది, ఇంకెక్కడా ఉండాలనిపించలేదు' అంది. తల్లులెవరికీ దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

అన్నదమ్ముల్లో ఒకడు, తనూ జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవాడే, 'నువ్వు దేవుణ్ణి అడుగు, విడుదలా మరణమా తెలుసుకో' అన్నాడు. 'రేపు చెబుతాను' అంది. ఆ ధీమా చూడండి, రేపు చెబుతానంది! ఆ రాత్రి కలలో ఆకాశాన్నంటే కంచు నిచ్చెన. ఒక్కొక్కరే ఎక్కాల్సినంత ఇరుకు. రెండు పక్కలా కత్తులు, ఈటెలు, కొక్కేలు. కింద మహాసర్పం. సతూరస్ ముందు ఎక్కి పైనుంచి పిలిచాడు. ఆవిడ సర్పం తలనే మొదటి మెట్టు చేసుకుని ఎక్కింది. పైన పెద్ద తోట, గొర్రెలకాపరి వేషంలో తెల్లజుట్టు పెద్దాయన పాలు పితుకుతున్నాడు. 'బాగా వచ్చావు, బిడ్డా' అని జున్నుముక్క ఇచ్చాడు. చేతులు జోడించి అందుకుని తింది. చుట్టూ తెల్లబట్టలవాళ్లు ఆమెన్ అన్నారు. మెలకువ వచ్చేసరికి నోట్లో ఇంకా ఏదో తియ్యగా నములుతూ ఉందట. పగలంతా బిడ్డకు పాలిస్తున్న తల్లికి స్వర్గం పాలరూపంలో కనబడింది. ఇది సత్ప్రసాదమనీ ఇంకోటనీ వేదాంతులు విడదీసి చెబుతారు, చెప్పనివ్వండి. ఇంటికి వెళ్లిపోతామన్న ఆశ ఆ ఉదయంతో వదిలేశాం అని మాత్రం ఆవిడ రాసింది.

విచారణ నగరం నడిబొడ్డున, జనం ముందు. అసలు గవర్నరు చనిపోవడంతో ఆ స్థానంలో హిలారియానస్ అనే అధికారి కూర్చున్నాడు. ఆయన రాక్షసుడేం కాదు. 'నీ తండ్రి నెరిసిన తలను చూసైనా, పసివాణ్ణి చూసైనా జాలిపడు. చక్రవర్తుల క్షేమం కోసం బలి అర్పించు' అన్నాడు. 'చెయ్యను' అంది. 'నువ్వు క్రైస్తవురాలివా?' 'క్రైస్తవురాలిని.' అంతే. తరవాతి కాలపు వేదసాక్షుల కథల్లో ఈ చోట పేజీలకు పేజీలు ఉపన్యాసం ఉంటుంది. పునీతురాలు విగ్రహారాధన మీద వాదించి న్యాయాధిపతి నోరు మూయిస్తుంది. ఇక్కడ రెండు మాటలు. ఈలోగా తండ్రి ఆవిడను కిందికి లాగబోయాడు. ఆయన్ని పక్కకు తోసి బెత్తంతో కొట్టించారు. ఆ దెబ్బ నాకే తగిలినట్టయింది అని రాసింది. తీర్పు, మృగాలకు వెయ్యడం.

బిడ్డను పంపమని పొంపోనియస్‌ను తండ్రి దగ్గరికి పంపింది. ఇవ్వనన్నాడు. దేవుడి చిత్తం, బిడ్డ ఆ రోజు నుంచి పాలు అడగలేదట, తనకు రొమ్ములు గడ్డకట్టి నొప్పి పెట్టలేదట. అలా నాకు బిడ్డ దిగులూ, రొమ్ముల బాధా లేకుండా పోయాయి అని రాసుకుంది. ఒక అద్భుతాన్ని ఇంత సాదాగా ఎవరైనా చెప్పారా? కుంటివాళ్లు లేవలేదు, ఆకాశం తెరుచుకోలేదు. పాలు ఎండాయి.

ఇక్కడే దినోక్రతేస్ వస్తాడు. ఏడేళ్లకే మొహం మీద పుండు పుట్టి చనిపోయిన ఆవిడ తమ్ముడు. ప్రార్థనలో హఠాత్తుగా అతని పేరు నోటికొచ్చింది. ఇన్నాళ్లూ గుర్తే రాలేదే అని ఉలిక్కిపడింది. రాత్రి కలలో ఆ పిల్లవాడు చీకటి చోటు నుంచి వస్తాడు, మొహం మీద అదే పుండు, దాహం. ఎదురుగా నీళ్ల తొట్టి ఉంది, దాని అంచు వాడి ఎత్తుకు అందదు. ఆవిడ రాత్రీ పగలూ ఏడ్చి ప్రార్థించింది. కొన్నాళ్లకు మళ్లీ కల: తొట్టి అంచు వాడి బొడ్డు దాకా దిగింది, పుండు ఉన్నచోట మచ్చ. కడుపునిండా నీళ్లు తాగి, పిల్లల్లాగే ఆడుకోవడానికి పరిగెత్తాడు.

రెండు వందల ఏళ్ల తరవాత ఈ కల పెద్ద చిక్కు తెచ్చింది. జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన పిల్లలు కూడా పరలోకానికి వెళ్లగలరనడానికి విన్సెంటియస్ విక్టర్ అనే అతను దినోక్రతేస్‌ను సాక్ష్యంగా చూపించాడు. దానికి జవాబు చెప్పాల్సి వచ్చింది సాక్షాత్తూ పునీత అగస్టీన్‌కి. ఈ పుస్తకం బైబిల్లోది కాదు, సిద్ధాంతానికి ఆధారం కాదు అన్నాడు. అక్కడితో ఆగలేదు. ఆ పిల్లవాడికి జ్ఞానస్నానం అయ్యే ఉంటుంది, తరవాత తండ్రి విగ్రహాల దగ్గరికి తీసుకెళ్లి పాడుచేసి ఉండవచ్చు అన్నాడు. పాపం తండ్రి, చచ్చాక కూడా నింద తప్పలేదు. అగస్టీన్ అంటే నాకు గౌరవమే, కానీ ఇక్కడ ఆయన ఇబ్బంది తెలిసిపోతోంది. ఆయనే మార్చి 7న వీళ్ల పండుగకు ప్రసంగాలు చేసేవాడు, గుళ్లో ఈ కథ చదివించేవాళ్లు. ఆఫ్రికా విశ్వాసులకు ఈ పుస్తకం ఎంత ప్రాణమంటే, ఇది బైబిల్ కాదు సుమండీ అని గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

ఫెలిసిటస్ గురించి. బొమ్మల్లో ఆవిడను పెర్పెతువా దాసిలా వేస్తుంటారు. పాఠంలో అలా లేదు; రెవొకాతస్‌తో పాటు బానిస అనే ఉంది. ఆవిడ మాటలు మనకు సంకలనం చేసినాయన ద్వారానే అందాయి. ఎనిమిదో నెల. గర్భిణికి మరణశిక్ష అమలు చెయ్యకూడదని రోమన్ చట్టం. తోటివాళ్లతో కాకుండా తరవాత ఎప్పుడో నేరస్థుల మధ్య ఒంటరిగా చావాల్సి వస్తుందని ఆవిడ దిగులు. అందరూ కలిసి ప్రార్థించారు, నొప్పులు మొదలయ్యాయి. నెల ముందు కాన్పు, కష్టమైంది. కాపలావాడు ఎకసెక్కంగా, 'ఇప్పుడే ఇంత అరుస్తున్నావు, రేపు మృగాల ముందు ఏం చేస్తావ్?' అన్నాడు. 'ఇప్పుడు పడుతున్నది నేను పడుతున్నాను. అక్కడ నాలో ఇంకొకరు ఉంటారు, నా కోసం ఆయన పడతాడు, ఆయన కోసం నేను పడుతున్నాను కాబట్టి' అంది. ఆడపిల్ల పుట్టింది. సంఘంలో ఒక సోదరి ఆ పిల్లను సొంత కూతురిలా పెంచింది.

చివరి రోజుల్లో సైనికాధికారి వీళ్లను సరిగా తిండి కూడా పెట్టకుండా బాధించాడు, మంత్రాలతో మాయమైపోతారని ఎవరో చెబితే నమ్మి. పెర్పెతువా మొహం మీదే అడిగింది: 'మేం సీజర్ పుట్టినరోజుకు పోరాడబోయే ఖైదీలం. కాస్త బలిసి కనిపిస్తే మీకే కదా పేరు?' అతను సిగ్గుపడి పద్ధతి మార్చాడు. (నవ్వులు) ఆ సీజర్ చక్రవర్తి చిన్నకొడుకు గెటా.

మృగాల ముందురోజు ఆవిడ చివరి కల రాసింది. రంగస్థలంలో భీకరమైన ఈజిప్టువాడు ఎదురుగా. ఆవిడ బట్టలు తీశారు, మగవాడినైపోయాను అంది. నూనె రాశారు. పిడిగుద్దులు, మడమలతో మొహం మీద తన్నులు, గాల్లోకి లేచి కొట్టడం, వాడి తల పట్టుకుని మొహం నేలకేసి, తల మీద కాలుపెట్టి తొక్కడం. బంగారు ఆపిల్ పళ్లున్న పచ్చటి కొమ్మ బహుమానం. నేను పోరాడేది మృగాలతో కాదు, సాతానుతో అని అర్థం చేసుకున్నాను, గెలుస్తానని తెలిసింది. ఆఖరి వాక్యం: ఆట ముందురోజు దాకా నేను చేసింది ఇది, ఆటలో ఏం జరిగిందో, రాయదలచినవాళ్లు రాయండి.

రాశాడు, ఆ సంకలనం చేసినాయన. బాగా రాశాడు, కళ్లారా చూసినట్టే ఉంటుంది. మగవాళ్లకు సతూర్న్ దేవుడి పూజారుల వేషం, ఆడవాళ్లకు సెరెస్ దేవత పూజారిణుల వేషం వెయ్యబోతే ఒప్పుకోలేదు, పెర్పెతువా పట్టుబట్టి గెలిచింది. మగవాళ్లకు చిరుతపులి, ఎలుగుబంటి, అడవిపంది. ఆడవాళ్లకు ఆడజంతువే అని వెటకారంగా కుమ్మే ఆవును సిద్ధం చేశారు. బట్టలిప్పి వలలు కప్పి తీసుకొస్తే, ఒకరు సుకుమారి, ఇంకొకరు నిన్నగాక మొన్న ప్రసవించి పాలు కారుతున్న మనిషి అని చూసి జనమే జడుసుకున్నారు. వెనక్కి తీసుకెళ్లి బట్టలు తొడిగించారు. ఆవు పెర్పెతువాను ఎత్తి పడేసింది. లేచి కూర్చుని, చిరిగిన వస్త్రం తొడ మీదికి లాక్కుంది, బాధకన్నా సిగ్గే గుర్తుపెట్టుకుని అంటాడాయన. జుట్టు విరబోసుకుంటే దుఃఖంలో ఉన్నట్టు ఉంటుందని పిన్ను అడిగి ముడి సవరించుకుంది. ఫెలిసిటస్‌కు చెయ్యిచ్చి లేపింది.

ఇప్పుడు రెండు పెర్పెతువాలను పక్కపక్కన పెట్టండి. తన కలలో ఆవిడ ఒంటిమీద నూలుపోగు లేకుండా, నూనె పూసుకుని, ఒక మనిషి మొహాన్ని మడమలతో తంతోంది. సిగ్గు అన్న మాటే లేదు. ఆయన రాతలో తల వంచి, బట్ట సవరించుకుంటున్న కులస్త్రీ. ఆ బట్ట సవరింపు జరగలేదని నేను అనను, జరిగే ఉండవచ్చు. కానీ తరవాతి శతాబ్దాలకు నచ్చింది ఈ రెండో ఆవిడ. బోధకులు చెప్పిందీ ఈవిడనే. మొదటి ఆవిడ మిగిలింది కేవలం ఆ కాగితాలు ఎవరూ చింపకపోబట్టి. ఆ పని చేసినందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం. తనకు నచ్చిన పునీతురాలిని తాను రాస్తూనే, ఆవిడ రాసినదాన్ని ముట్టుకోకుండా ఉంచాడు.

ముగింపు దగ్గర అయితే ఆయన కూడా ఆవిడకు లొంగిపోయాడు. మిగిలినవాళ్లు కత్తికి కదలకుండా తలవంచారు. సతూరస్ ముందే పోయాడు, నిచ్చెన మీద ముందు ఎక్కినట్టే. పెర్పెతువా వంతుకు వచ్చిన గ్లాడియేటర్ కొత్తవాడు. దెబ్బ ఎముక మీద పడింది. ఆవిడ గట్టిగా అరిచింది. అరిచింది అని రాశాడు, చూడండి, దాచలేదు. ఆ తరవాత వాడి వణికే చేతిని తనే పట్టుకుని గొంతు మీద పెట్టుకుంది. తను కోరుకుంటే తప్ప అంతటి స్త్రీని చంపడం సాధ్యమయ్యేది కాదేమో అంటాడు.

తరవాతి సంగతులు త్వరగా చెబుతాను. కొంతకాలానికి గుళ్లలో చదవడానికి చిన్న కథలు తయారుచేశారు. వాటిలో భర్త ఏడుస్తూ ప్రత్యక్షమవుతాడు, విచారణలో సంభాషణ పెరుగుతుంది, కలలు తగ్గుతాయి. మధ్యయుగాల్లో ఎక్కువమంది విన్నది వాటినే. అసలు లాటిన్ పాఠం 17వ శతాబ్దంలో మోంటె కాసినో మఠం గ్రంథాలయంలో బయటపడింది, గ్రీకు పాఠం 19వ శతాబ్దం చివర్లో జెరూసలేంలో. కార్తేజ్‌లో వీళ్ల పేర్లున్న శాసనం ముక్కలు 20వ శతాబ్దం మొదట్లో తవ్వకాల్లో దొరికాయి. ఆ గెటా సంగతి కూడా వినండి. 211లో అన్న కారకల్లా అతన్ని తల్లి ఒడిలోనే చంపించి, సామ్రాజ్యమంతటా శాసనాల మీద అతని పేరు చెరిపించేశాడు. ఈ పుస్తకంలో మాత్రం, అతని పుట్టినరోజు అని, పేరు అలాగే ఉంది.

చదవాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. అధ్యాయాలు 21, అన్నీ చిన్నవి. మొదటి రెండూ పీఠిక, కొంచెం బరువుగా ఉంటుంది, దాంతో మొదలుపెడితే మూసేస్తారు. 3 నుంచి 10 వరకు పెర్పెతువా రాసినవి, ముందు అవి చదవండి, ఒకే బిగిన అయిపోతాయి. 11 నుంచి 13 సతూరస్ తన కల తాను రాసుకున్నది. అందులో స్వర్గం గుమ్మం బయట బిషప్పు, గురువు తగాదాపడి విడివిడిగా నిలబడి, మమ్మల్ని కలపండని వీళ్ల కాళ్ల మీద పడతారు. గురువులు ఆ భాగం తప్పకుండా చదవాలని నా మనవి. (నవ్వులు) 14 నుంచి మిగతాది. ప్రశ్నలుంటే అడగండి, భర్త గురించి తప్ప.